దాని మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంది

2019 ఏప్రిల్‌లో ఒకరోజు తెల్లవారుజామున ఐదున్నరకు ఫోన్ మోగింది. జనగామ దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దాయన. మా షెడ్డులో తయారైన, ఫోన్‌తో మోటారును వేసి ఆపే మొబైల్ స్టార్టర్ డబ్బా ఆయన బోరు మోటారుకు బిగించి అప్పటికి రెండు నెలలు. "తమ్మీ, రాత్రి పదింటికి బంద్ చేసిన. ఫోన్ల బంద్ అయిందనే చూపెడ్తున్నది. ఇప్పుడు బాయికాడికి వస్తే మోటరు నడుస్తనే ఉన్నది" అన్నాడు. మెయిన్ దించమన్నాను. "దించిన. గని పైపుల నీళ్ళు లేవు తమ్మీ" అన్నాడు. ఆ రెండో మాట గొంతు తగ్గించి చెప్పాడు.

బోరులో దిగిన మోటారును చల్లగా ఉంచేది దాని చుట్టూ ఉన్న నీళ్ళే. ఏప్రిల్ నెల, అడుగంటిన బోరు. 2018 జనవరి నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఉంది కాబట్టి మధ్యలో కరెంటు పోయి ఆగే అవకాశమూ లేదు. నీళ్ళు అయిపోయాక కూడా మోటారు రాత్రంతా తిరిగింది. నేను చేరేసరికి వైండింగ్ కాలిపోయిందని మెకానిక్ తేల్చేశాడు.

నీళ్ళు లేనప్పుడు మోటారును ఆపే ఏర్పాటు మా డబ్బాలో ఉంది. అది పనిచేసింది కూడా. మోటారు లాగే కరెంటు తగ్గిందని గుర్తించింది, లోపలి స్విచ్చును, అంటే రిలేను విడిపొమ్మంది. లాగ్‌లో సమయంతో సహా నమోదైంది. రిలే విడిపోలేదు. మెయిన్ దించే ఉంచి మీటర్ పెట్టి చూస్తే పాయింట్లు కలిసే ఉన్నాయి. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా ఒక్కటి కొడితే టక్‌మని విడిపోయాయి.

ఆ రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని స్పష్టంగా అచ్చేసి ఉంది. మా డబ్బాలో అది మోసేది కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే. మోటారుకు కరెంటు వేసి తీసే పెద్ద స్విచ్చు ఆ కాంటాక్టర్. ఆ కాయిల్ లాగేది ఆన్ అయ్యే క్షణంలో కూడా అర ఆంపియర్ లోపే.

అంతకుముందు బ్యాచ్‌లో వాడిన రిలే ఖరీదు 42 రూపాయలు. ఈ బ్యాచ్‌కి మామూలుగా కొనే చోట స్టాకు లేదు. వేరే దుకాణంలో అదే సైజు, అదే నీలం డబ్బా, అవే కాళ్ళు, 14 రూపాయలకు దొరికింది. 200 కొన్నాను. 5,600 రూపాయలు మిగిలాయని ఆ సాయంత్రం సంతోషపడ్డాను కూడా. పెద్దాయన మోటారును బోరులోంచి తీయించి, వైండింగ్ చేయించి, మళ్ళీ దించడానికి 14 వేలు అయింది. అది నేనే ఇచ్చాను. మూడు వారాలు ఎండిన ఆయన కూరగాయల మడికి మాత్రం ఏమీ ఇవ్వలేకపోయాను.

రిలే వెనక్కి తీసుకెళ్ళి చూపిస్తే దుకాణదారు అన్నమాట: "చైనా మాల్ అంతే సార్." ఈ వ్యాసం ఆ ఒక్క మాట మీదే. అందులో సగం అబద్ధం. మిగతా సగం, మనందరం తప్పించుకోవడానికి వాడుకునే సాకు.

ముందు ఆ రిలేల సంగతి పూర్తిచేస్తాను. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి తీసే స్విచ్చు. లోపల ఒక తీగ చుట్ట, ఎదురుగా ఇనుప రేకు, ఆ రేకును వెనక్కి లాగే సన్నటి స్ప్రింగు, రేకు కొసన పాయింట్లు. ఇలాంటి 12 వోల్టుల రిలేకి డేటాషీటు, అంటే తయారీదారు ఇచ్చే కొలతల పత్రం, రెండు హామీలు ఇస్తుంది. వోల్టేజి పెంచుకుంటూ పోతే 9 వోల్టులు చేరేలోపు అంటుకోవాలి. దించుకుంటూ వస్తే 1.2 వోల్టులకు చేరేలోపు వదిలేయాలి.

పాత 42 రూపాయల రిలేలు పది, కొత్తవి పది టేబుల్ మీద వరసగా పెట్టాను. ఒక్కోదాన్నే పవర్ సప్లైకి తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని, నాబ్ తిప్పుతూ పోయాను. పాతవి పదీ ఏడు వోల్టుల అటూఇటూ అంటుకున్నాయి, మూడుకీ నాలుగుకీ మధ్య వదిలేశాయి. కళ్ళు మూసుకున్నా టక్ ఎప్పుడు వినపడుతుందో చెప్పొచ్చు. కొత్తవాటిలో ఒకటి ఆరుకే అంటుకుంటే ఇంకొకటి తొమ్మిది దాటినా కదల్లేదు. దించేటప్పుడు ఇంకా అన్యాయం. కొన్ని రెండు దగ్గర వదిలాయి. మూడు మాత్రం అర వోల్టు దగ్గర కూడా పట్టుకునే ఉన్నాయి. స్ప్రింగులో బలం లేదన్నమాట. పాయింట్లు విడిపోయే ప్రతిసారీ రవ్వ లేస్తుంది, లోహం కొద్దిగా కరుగుతుంది. కరిగి అతుక్కోబోయే పాయింట్లను విడదీయాల్సింది ఆ స్ప్రింగే.

రెండింటిని హ్యాక్సా బ్లేడుతో కోసి చూశాను. రాగి మీద వెండి మిశ్రమం వేసి పాయింటు చేయడం తప్పు కాదు, మంచి కంపెనీలూ చేసేది అదే. పొర మందమే అసలు విషయం. పాతదానిలో ఆ పొర గోటికి తగిలేంత ఉంది. కొత్తదానిలో వెండి అరిగిపోయి ఎర్రటి రాగి బయటపడింది, పని చేసింది రెండు నెలలే అయినా. పైన పటారం, లోన లొటారం అని మా అమ్మమ్మ అనేది. అది కంటితో చూసింది అప్పుడే.

నా తప్పు కూడా ఇందులో ఉంది, దాచను. కాయిల్ లాంటి లోడును వేసి తీసే పాయింట్లకు అడ్డంగా రవ్వను తగ్గించే స్నబ్బర్ పెట్టాలి. రెసిస్టరూ కెపాసిటరూ కలిపి పది రూపాయలు కూడా కాదు. మేం పెట్టలేదు. మొదటి బ్యాచ్ అది లేకుండానే రెండేళ్ళు నడిచింది కాబట్టి అక్కర్లేదనుకున్నాం. మంచి పార్టు మన పొరపాటును కొంతకాలం తన మీద వేసుకుంటుంది. నకిలీ పార్టు మన పొరపాటును రైతు మీద పడేస్తుంది.

ఇక "చైనా మాల్" సంగతి. అదే డబ్బాలో టవరుతో మాట్లాడే జీఎస్‌ఎం మాడ్యూలు షాంఘైలో తయారైంది. ఒక్కటి కూడా ఫిర్యాదు రాలేదు. ఇవాళ మన ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టుల్లో సగానికి ప్రాణం పోస్తున్న ఈఎస్‌పీ 8266, ఈఎస్‌పీ 32 చిప్పులు షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్‌వి. 2014లో ఆ మొదటి చిప్పు బయటికి వచ్చినప్పుడు వైఫై ఇంత చవకగా దొరుకుతుందంటే నమ్మబుద్ధి కాలేదు. దాని మీద దాని పేరే ఉంటుంది, చెప్పిన పని చేస్తుంది. పిల్లలు ప్రయోగాలకు వాడే చవక ఆర్డుయినో నానో కంట్రోల్ బోర్డుల మీద కనిపించే సీహెచ్ 340 యూఎస్‌బీ చిప్పు నాన్జింగ్ కంపెనీది. అది ఇంకొకరి పేరు పెట్టుకోలేదు. బీజింగ్ కంపెనీ గిగాడివైస్ జీడీ 32 అని తన పేరుతోనే మైక్రోకంట్రోలర్ అమ్ముతుంది. ఎస్‌టీ కంపెనీ ఎస్‌టీఎం 32కి దగ్గరగా ఉంటుంది, కొన్ని తేడాలుంటాయి, డేటాషీటు చదివి వాడుకోవచ్చు. అదే ఇంకెవరో చిప్పు మీద అసలు పేరు గీకేసి ఎస్‌టీ ముద్ర కొడితే అది మోసం.

ఆర్డుయినో బోర్డు డిజైను ఎవరైనా వాడుకోవచ్చని దాన్ని చేసినవాళ్ళే ఇచ్చారు. నకలు చేయడం నేరం కాదు, వాళ్ళ పేరూ గుర్తూ వేసుకోవడం తప్పు. రెండు వేల బోర్డు కొనలేని డిప్లొమా కుర్రాడికి మూడు వందల క్లోన్ దొరకడం మంచి విషయం. అగ్గువకు దొరకడం పేదవాడి హక్కు అని నేను నమ్ముతాను. నా గొడవ ధరతో కాదు, ఏ దేశంతోనూ కాదు. పార్టు మీద వేసిన అచ్చుతో.

కోఠి గుజరాతీ గల్లీలో యాంప్లిఫయర్ రిపేరు చేసేవాళ్ళు 5200-1943 జోడీ అడగడం మీరు చూసి ఉంటే ఈ తేడా తెలుస్తుంది. తోషిబా పవర్ ట్రాన్సిస్టర్లు అవి, 15 ఆంపియర్లు, 150 వాట్లు. మంచి కౌంటరు అయితే అడుగుతారు: "ఒరిజినలా, డూప్లికేటా?" ఆ ప్రశ్న నాకు గౌరవంగా అనిపిస్తుంది. డూప్లికేట్ అని నోటితో చెప్పి అమ్మినవాడు తన వంతు నిజం చెప్పాడు. కానీ దాని మీద కూడా తోషిబా అనే ఉంటుంది, 5200 అనే ఉంటుంది. కౌంటరు మీద చెప్పిన మాట కౌంటరు దాటదు. అక్కడి నుంచి మెకానిక్ చేతికి, మెకానిక్ నుంచి పెళ్ళి పందిట్లో డీజే పెట్టెకి వెళ్ళేసరికి మిగిలేది అచ్చు ఒక్కటే. పగలగొట్టి చూస్తే లోపల సిలికాన్ ముక్క అసలుదానిలో సగం కూడా ఉండదు. ఆ వేడిని ఆ చిన్న ముక్క మోయలేదు. లోపల షార్ట్ అయి, వెంట పక్క ట్రాన్సిస్టర్లనూ, ఒక్కోసారి స్పీకర్ కాయిల్‌నూ తీసుకుపోతుంది. తిట్లు తినేది మాత్రం మెకానిక్.

18650 అనే రీచార్జి లిథియం సెల్లులు కూడా అంతే. ఈ సైజులో మామూలుగా దొరికే మంచి సెల్లు ఏది తీసుకున్నా దాని సామర్థ్యం 3,500 ఎంఏహెచ్ దగ్గరే ఆగుతుంది, బరువు 45 గ్రాములకు కాస్త అటూఇటూ. మార్కెట్‌లో 9,900 అని రాసినవి దొరుకుతాయి. చేతిలో పెట్టుకుంటే తేలిగ్గా ఉంటాయి. నేతి బీరకాయలో నెయ్యి లేకపోయినా కూర వండుకోవచ్చు. కానీ ఈ సెల్లును నమ్మి పిల్లల సైన్స్ ఫెయిర్ బండిలోనో, టార్చిలోనో పెట్టి చార్జింగ్‌కి వదిలేస్తాం.

డబ్బు లేనివాళ్ళే మోసపోతారనుకుంటే అదీ తప్పే. అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ 2012 మేలో ఒక నివేదిక ఇచ్చింది. 2009, 2010 రెండేళ్ళలోనే ఆ దేశ రక్షణ సరఫరాలో నకిలీవని అనుమానించదగ్గ కేసులు సుమారు 1,800 దొరికాయి. విడి భాగాలుగా లెక్కేస్తే 10 లక్షలకు పైమాటే. హెలికాప్టర్లలో, రవాణా విమానాల్లో కూడా అవి చేరాయి. కారణం అగ్గువ కాదు. విమానం ముప్పై నలభై ఏళ్ళు ఎగురుతుంది, అందులోని చిప్పు తయారీ పదేళ్ళకే ఆగిపోతుంది. అప్పుడు బ్రోకర్ల దగ్గర కొనాలి. బ్రోకరు ఇంకో బ్రోకరు దగ్గర కొంటాడు. ఆ గొలుసు చివర చైనా గ్వాంగ్‌డాంగ్‌లో గుయియు లాంటి చోట్లు ఉండేవి. పాత కంప్యూటర్ బోర్డులను నిప్పుల మీద వేడిచేసి, చిప్పులు ఊడదీసి, కడిగి, పైన గీకి, కొత్త పేరూ కొత్త తేదీ కొట్టేవాళ్ళు. ఆ బోర్డుల్లో చాలా భాగం సంపన్న దేశాలు పారేసిన చెత్తే. తమ చెత్త తమ విమానంలోకే తిరిగొచ్చింది.

ఈ గొలుసులో శిక్ష ఎవరికి పడుతుందో 2014 అక్టోబరులో మేం దగ్గరగా చూశాం. స్కాట్లండ్ కంపెనీ ఎఫ్‌టీడీఐ తయారుచేసే ఎఫ్‌టీ 232 యూఎస్‌బీ చిప్పుకి నకిలీలు విపరీతంగా వచ్చాయి. విసిగిపోయిన కంపెనీ, విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చే తన కొత్త డ్రైవర్‌లో (చిప్పును కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్‌లో) ఒక పని చేసింది. నకిలీ చిప్పు కనపడితే దాని గుర్తింపు సంఖ్యను సున్నా చేసేస్తుంది. ఇక ఆ పరికరాన్ని కంప్యూటర్ గుర్తుపట్టదు. కంపెనీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ చనిపోయిన పరికరాలు ఎవరివి? అసలుదనుకుని కొన్నవాళ్ళవి. నకిలీ చేసినవాడు డబ్బు ఎప్పుడో తీసుకున్నాడు. గొడవ పెద్దదై కంపెనీ ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది. 2016లో మళ్ళీ ఇంకో రూపంలో ప్రయత్నించింది. ఆ అక్టోబరులో ఆ చిప్పు ఉన్న నా కేబుల్ కూడా ఒకటి పోయింది. అది నకిలీదని నాకు తెలిసింది ఆరోజే.

పార్టుకి ఇచ్చే అదనపు డబ్బుతో మనం కొనేదేమిటి? చాలామంది పేరుకు ఇస్తున్నామనుకుంటారు. ప్రతి రిలేనూ ఫ్యాక్టరీలో ఎవరో ఒకరు టక్ వినేదాకా పరీక్షించారు, తప్పినదాన్ని పక్కన పడేశారు అన్న భరోసాకి ఇస్తున్నాం. ఏ నెలలో, ఏ లాట్‌లో తయారైందో తెలుస్తుంది, తేడా వస్తే ఆ లాట్ అంతా వెనక్కి పిలవొచ్చు అన్న వెసులుబాటుకి ఇస్తున్నాం. ఆ పక్కన పడేసినవి ఉన్నాయే, కొన్ని చోట్ల అవే సంచుల్లోకెక్కి మార్కెట్‌కి వస్తాయి. 14 రూపాయల ధర అలా కూడా సాధ్యమవుతుంది.

కెపాసిటర్ లెక్క చూడండి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ మీద 105 డిగ్రీలు, డేటాషీటులో 2,000 గంటలు అని ఉంటుంది. అంటే అంత వేడిలో ఎడతెగకుండా వాడితే 83 రోజులు. వేడి ప్రతి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అని వాడుకలో ఉన్న లెక్క. మే నెలలో రామగుండం ఎండకు ఇనప డబ్బాలో 65 డిగ్రీలు అనుకుందాం. అప్పుడు 32,000 గంటలు, మూడున్నరేళ్ళ పైన. అదే 85 డిగ్రీల సరుకు మీది ప్లాస్టిక్ తొడుగు మార్చి 105 అని అమ్మితే? 8,000 గంటలు. పదకొండు నెలలు. కొన్నరోజు మీటర్ పెట్టి చూస్తే రెండూ ఒకేలా చూపిస్తాయి. తేడా వచ్చే వేసవికి గానీ బయటపడదు.

2000 తర్వాత కొన్నేళ్ళపాటు కంప్యూటర్ రిపేరు చేసినవాళ్ళకు ఉబ్బిన కెపాసిటర్లు గుర్తుండే ఉంటాయి. నేనప్పుడు సికింద్రాబాద్‌లో ఒక షాపులో పని నేర్చుకుంటున్నాను. రోజూ మదర్‌బోర్డులు వచ్చేవి, వాటి మీది కెపాసిటర్లు తల మీద గీత దగ్గర ఉబ్బి, గోధుమరంగు జిగురు కారుతూ. తైవాన్ నుంచి వచ్చిన కొన్ని కెపాసిటర్ల ద్రావణంలో, నీరు అల్యూమినియంతో చర్య జరపకుండా ఆపాల్సిన రసాయనం సరిగా లేదు. హైడ్రోజన్ పుట్టి డబ్బా పగిలేది. డెల్ కంపెనీ 2005లో దీని మరమ్మతులకే 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద కొనుగోలుదారులకే తెలియలేదు. వాళ్ళకు కనీసం ఆ 30 కోట్లు ఉన్నాయి.

మన దగ్గర భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ తప్పనిసరి రిజిస్ట్రేషన్ 2012 ఉత్తర్వుతో వచ్చింది, 2013 నుంచి అమలైంది. అడాప్టర్లు, పవర్ బ్యాంకులు, ఎల్‌ఈడీ బల్బుల మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, కొనేటప్పుడు చూడండి. మంచి పనే. అయితే బోర్డు మీద కూర్చునే ట్రాన్సిస్టర్ మీద అలాంటి నంబరేమీ ఉండదు. 2025 మార్చిలో కేంద్రం విడి భాగాల తయారీకి 22,919 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. ఇక్కడ తయారైతే సంతోషమే. కానీ ఇక్కడ తయారైనదాని మీద కూడా అబద్ధం అచ్చేయొచ్చు. చైనాను తిట్టి సరిపెట్టుకుంటే ఆ అబద్ధానికి మన చిరునామా మాత్రమే కొత్తగా వస్తుంది.

నన్ను మోటారు కంటే ఎక్కువ బాధపెట్టిన సంఘటన ఒకటుంది. ఒక కాలేజీలో పిల్లలకు వర్క్‌షాపు చేస్తుంటే ఈసీఈ మూడో ఏడాది అమ్మాయి కాలేజీ కిట్టులోని ఒక పవర్ సప్లై మాడ్యూలు తెచ్చింది. వోల్టేజి తగ్గించే ఎల్‌ఎం 2596 చిప్పు ఉన్నది. "సార్, రిపుల్ నా లెక్క కంటే చాలా ఎక్కువ వస్తోంది. ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదు" అంది. రిపుల్ అంటే బయటికొచ్చే వోల్టేజిలో అలల్లాంటి హెచ్చుతగ్గులు. నోట్‌బుక్‌లో మూడు పేజీలు, అదే లెక్క మూడుసార్లు చేసి, ఎర్ర ఇంకుతో కొట్టేసి ఉంది. నేను చూశాను, మొదటిసారి చేసిందే కరెక్టు. ఆసిల్లోస్కోప్ పెట్టాం. ఆ చిప్పు 150 కిలోహెర్ట్జ్‌తో నడవాలి. తెర మీద 50 దగ్గర ఉంది. లోపల ఇంకేదో పాత రకం చిప్పు, పైన 2596 అని అచ్చు. "అయితే నాది తప్పు కాదా సార్?" అని రెండుసార్లు అడిగింది. రెండు వారాలు ఆ పిల్ల తన చదువును తాను అనుమానించుకుంది. ఆ కిట్టు ధరలో ఎంత మిగిలిందో ఆ కాలేజీకి తెలియకపోవచ్చు, నాకైతే తక్కువే అనిపిస్తుంది.

కాలేజీలూ, మాలాంటి చిన్న తయారీదారులూ చేయగలిగింది ఉంది. అధీకృత డిస్ట్రిబ్యూటర్లు ఇప్పుడు పది ముక్కలైనా మన ఊరికి పంపుతున్నారు. మనుషుల ప్రాణం, పంట, మంట వీటితో సంబంధమున్న పార్టు అక్కడే కొనాలి. మిగతావి చవకగా కొన్నా, బిల్లు మీద డూప్లికేట్ అని రాసివ్వమని అడగాలి. నేను అడుగుతున్నాను. మొదట్లో నవ్వారు. ఇప్పుడు ఇద్దరు రాసిస్తున్నారు. ఎంత నమ్మకమైన చోట కొన్నా లాట్‌లో పది తీసి నాబ్ తిప్పి చూస్తున్నాం, అరగంట పని. కొత్త డబ్బాల్లో స్నబ్బర్ ఉంది, వరసగా రెండు రిలేలు ఉన్నాయి, ఒకటి అతుక్కున్నా రెండోది ఆపుతుంది. ఒక్కో డబ్బాకి 90 రూపాయలు పెరిగింది. ఆ 90 ఎందుకో రైతులకు చెబితే ఒక్కరు కూడా బేరమాడలేదు.

200 రిలేల్లో 60 అప్పటికే ఊళ్ళలో ఉన్నాయి, తొమ్మిది అతుక్కున్నాయి. ఆ మే నెలంతా తిరిగి అరవై డబ్బాలూ విప్పి మార్చాం. ఆ 14 రూపాయలవన్నీ ఒక అట్టపెట్టెలో వేశాం, కోసినవి రెండు పోను 198. దుకాణదారు మంచి మాటే చెప్పాడు: వాడనివి సగం రేటుకి వాపస్ తీసుకుంటానన్నాడు. తీసుకుని ఏం చేస్తారని అడిగాను. "ఎవరో ఒకరికి పోతయి సార్" అన్నాడు. పెట్టె తిరిగి షెడ్డుకి తెచ్చుకున్నాను. చెత్తలో వేస్తే ఏరుకుని కడిగి మళ్ళీ అమ్ముతారు. ఒక్కొక్కటే వైస్‌లో పెట్టి, నీలం డబ్బా పగిలి స్ప్రింగు బయటికొచ్చేదాకా బిగించాను. రెండు సాయంత్రాలు పట్టింది.